సిమెంటు బల్ల, టేకు అంచు

మా కాలంలో ఆడదాని పనంతా నేల మీదే ఉండేది. పొయ్యి నేల మీద, రోలు నేల మీద, కత్తిపీట నేల మీద, బియ్యం చాట నేల మీద. కుట్టుమిషను కూడా నేల మీదే. కాలితో తొక్కే మిషన్లు పట్నంలో దర్జీల దగ్గర ఉండేవి. నాది చేత్తో తిప్పేది, చెక్క పీఠం మీద బిగించినది. దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, కుడిచేత్తో పిడి తిప్పుతూ ఎడమచేత్తో బట్టను నడపాలి. మా ఊరు కొత్తగూడలో ఎవరికి రైక కావాలన్నా నా దగ్గరికే వచ్చేవారు. అది నేను అప్పుడూ గొప్పగా చెప్పుకున్నాను, ఇప్పుడూ చెప్పుకుంటాను. ఎవరికైనా కడుపుమంటగా ఉంటే ఉండనీ.

డెబ్బైల మొదట్లో, సీతాఫలాల కాలంలో, రాతిగుండు మీంచి జారిపడ్డాను. ఇప్పుడు ఫ్లైఓవర్ దిగే చోట అప్పుడు మనిషికి రెండింతల ఎత్తున రాతిగుండ్లు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు ఉండేవి. కళ్లు విచ్చిన కాయ ఒకటి చేతికి అందీ అందకుండా ఊరించింది. అందుకోబోయి కింద పడ్డాను. తొడ ఎముక విరిగింది, మోకాలు చితికింది. పట్నం దవాఖానలో మూడు నెలలు పడుకోబెట్టి ఇంటికి పంపారు. ఎముక అతికింది కానీ మోకాలు మడత పడడం మానేసింది. నడవగలను, నిలబడగలను, మంచం మీద కాలు చాపుకుని కూర్చోగలను. నేల మీద కూర్చోవడం మాత్రం ఇక లేదన్నారు.

మంచం మీద మిషను పెడితే నులక ఊగుతుంది, సూది విరుగుతుంది. రెండు సూదులు విరగ్గొట్టి మిషన్ని మూలకు చేర్చాను. మా అత్త చెడ్డమనిషి కాదు. కానీ ఖాళీగా ఉన్నదాన్ని చూస్తే ఆమెకు ఒళ్లు మండుతుంది, అది బిందె అయినా మనిషి అయినా. ఎండలు ముదిరిన రోజుల్లో ఒకనాడు మిషను మీద దుమ్ము తుడుస్తూ అంది.

"ఉత్తగ తుప్పు పట్టుడెందుకు? బతుకమ్మకు బిడ్డ వస్తది గదా, తీస్కపోతది. దానికి కుట్టుడు నువ్వే నేర్పితివి."

బిడ్డ అంటే నా ఆడబిడ్డ. నిజాంపేటలో ఇచ్చారు. మంచిపిల్లే, చేయి కూడా చక్కగా తిరుగుతుంది. కానీ ఆ మిషను మా పుట్టింటివారు పెట్టింది కాదు, మా ఆయన కొనిచ్చిందీ కాదు. పెళ్లికి ముందు బోరబండలో ఒక దర్జీ దగ్గర రెండేళ్లు కాజాలు తీసి, గుండీలు కుట్టి నేను సంపాదించుకున్నది. అది గడప దాటిపోతే ఆ ఇంట్లో నేనెవరిని? మంచం మీద కూర్చుని బియ్యంలో రాళ్లేరే మనిషిని. ఆ మాట తలచుకుంటే నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

"బతుకమ్మ దాక నా దగ్గర్నే ఉండనియ్యి అత్తా," అన్నాను. "అప్పటికి నేను కుట్టకపోతే తీస్కపొమ్మను. నేనే మూటగట్టిస్త."

నోరు జారింది. నా నోటికి బ్రేకు ఎప్పుడూ లేదు. అత్త మాత్రం ఆ మాటను కొంగున ముడేసుకుంది.

మా ఆయన బోరబండ అవతల కార్ఖానాలో షిఫ్టు పని చేసేవాడు. సైకిలు వెనక కట్టుకుని ఒక పాత మామిడిచెక్క బల్ల తెచ్చాడు. నిలబడి కుట్టడానికి ఎత్తు సరిపోయింది. కానీ నేను పిడి తిప్పితే బల్ల కదిలేది, బల్ల కదిలితే మిషను అంచు వైపు నడిచేది. అయినా సర్దుకుందామనుకున్నాను. ఈలోగా తొలకరి పడింది. మా మట్టిలో చెదలు ఎంత ఉంటాయో ఆ నేల మీద ఇల్లు కట్టుకున్నవాళ్లకే తెలుసు. మామిడిచెక్క వాటికి పెళ్లిభోజనం. ఆషాఢంలో ఒకరోజు రైక బుట్టచేతులు అతుకుతుండగా బల్ల ఒక కాలు రవ్వలాగా రాలిపోయింది. మిషన్ని రెండు చేతులా కావలించుకుని వెనక్కి మంచం మీద పడ్డాను. మిషనుకు ఏమీ కాలేదు. నా వీపు పదిరోజులు నొప్పి పెట్టింది.

ఆ నొప్పికే దవాఖానకు పోయాను. వరండాలో చీటీ కోసం అందరూ కూర్చునే సిమెంటు బెంచీ ఉంది. ఆ రద్దీలో నాకు కాలు చాపే చోటు లేదు కాబట్టి దానికి ఆనుకుని నిలబడ్డాను. వానకు తడుస్తోంది, పక్కనే చెదలపుట్ట ఉంది, బెంచీకి మాత్రం గీత కూడా పడలేదు. పిడికిలితో గుద్ది చూశాను. కదల్లేదు. దీన్ని ఎవరో మనిషే కదా పోసింది, దేవుడు పోయలేదు కదా అనుకున్నాను. ఇంటికొచ్చి మామతో చెప్పాను.

మా మామ గచ్చు మేస్త్రీ. సున్నాన్ని నానబెట్టి, గానుగలో నూరి, గోడల మీద అద్దంలా మెరిసేలా గచ్చు చేసిన చేయి అది. నవాబుల దేవిడీల్లో, బంగళాల్లో ఆయన పని ఇంకా ఉందని చెప్పేవారు. సిమెంటు వచ్చాక ఆయన్ని పిలిచేవాళ్లు లేరు. అరుగు మీద కూర్చుని బీడీ కాల్చుకోవడమే పని. నేను బల్ల అనగానే ఆయన వెన్ను నిటారుగా అయింది.

"సిమెంటుదే పోద్దాం బిడ్డా. ఫికర్ జెయ్యకు. నేనున్న."

సిమెంటు అంగట్లో దొరికే రోజులు కావవి. తాలూకాఫీసులో పర్మిట్ రాయించుకోవాలి. మా ఆయన నాలుగుసార్లు తిరిగి ఒక బస్తాకు రాయించాడు. బస్తా ఇంటికి వచ్చిన సాయంత్రం మామ తలకు రుమాలు చుట్టి, సున్నం నానబెట్టే పాత గుంతను కడిగి, బస్తా మొత్తం అందులో పోసి, ఇసుక కలిపి, నీళ్లు పెట్టాడు.

"ఇప్పుడే కలుపుతున్నరేంది మామా? పోసేది రేపు గదా," అన్నాను.

"సున్నం ఎంత నానితె అంత పదునెక్కుతది. వారం నానబెట్టి గూడ చేసిన నేను. దీనికి ఒక్క రాత్రన్న నాననియ్యాలె."

దగ్గర్లోనే గవర్నమెంటువాళ్ల బిల్డింగు కడుతున్నారు. అక్కడి కూలి ఆడవాళ్లు కలిపిన సిమెంటు మాలును కలిపినట్టే తట్టల్లో పరుగున మోయడం నేను చూశాను. ఆ మాటే అన్నాను.

"గుత్తెదారుకు తొందరుంటది. మనకేం తొందర?" అని మామ గుంత మీద తడి గోనె కప్పాడు.

నేను ఇంకా గట్టిగా చెప్పి ఉండాల్సింది. కానీ ఆయన ముఖంలో ఆ వెలుగు చూసి ఎన్నేళ్లయిందో. ఊరుకున్నాను. నేను నోరు మూసుకున్న రోజులు నా బతుకులో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, అందులో ఆ రోజు ఒకటి, అదే కొంప ముంచింది.

తెల్లవారి మామ గోనె తీసి పార వేశాడు. ఠంగుమంది. మళ్లీ వేశాడు. పార అంచు వంగింది. గుంతలో మా బస్తా మొత్తం బండరాయి అయి కూర్చుంది. కొద్దిగా నీళ్లు పోశాడు, మెత్తబడుతుందేమోనని. సున్నమైతే మెత్తబడుతుంది. ఆయన కళ్లు గుంత మీంచి నా మీదికి రాలేదు.

నేనప్పుడు ఓదార్చి ఉంటే మనిషినయ్యేదాన్ని. ఓదార్చలేదు.

"మీ గచ్చు కాలం పోయింది మామా. మీతోని నా బల్ల గూడ పాయె," అన్నాను.

మామ పార గోడకు ఆనించి బయటికి పోయాడు. మూడురోజులు నాతో మాట్లాడలేదు, సరిగ్గా అన్నం కూడా తినలేదు. నాకు సిగ్గేసింది. సిగ్గుతో పాటు మొండితనం కూడా వచ్చింది. అత్త వచ్చేపోయే వాళ్లకు గుంత చూపించి నవ్వుతుంటే ఆ మొండితనం రెట్టింపయింది. శ్రావణం అయిపోయింది, బతుకమ్మకు నెల కూడా లేదు. మా ఆయనకు మళ్లీ సెలవు ఇవ్వరు. చేతికట్టె పట్టుకుని నేనే తాలూకాఫీసుకు బయల్దేరాను.

అక్కడ గుమస్తా కోస్తా వైపు నుంచి వచ్చినాయన, ముఖాన విభూతి, మాట మెత్తన. నా కాగితం చూసి తల అడ్డంగా ఊపాడు.

"బల్లకి సిమెంటు ఇవ్వరమ్మా. ఇల్లు, బావి, మరుగుదొడ్డి, వీటికే. బల్ల అని రాస్తే పైన నన్ను తిడతారండి."

"నేను నేల మీద కూసోలేను సారూ. బల్ల లేకుంటె నాకు పని లేదు. మీరు రాసేదాక ఈడనే నిలబడత."

"మీ ఇష్టమండి," అని తన పనిలో పడ్డాడు.

నిలబడ్డాను. మిగతావాళ్లు వరండాలో కూర్చున్నారు, లేచారు, పోయారు. నేను కిటికీ ఊచ పట్టుకుని నిలబడే ఉన్నాను. ఆయన భోజనానికి పోయి వచ్చాడు. నేనున్నాను. టీ తాగి వచ్చాడు. ఉన్నాను. మాట మీద ఉండటమంటే ఏమిటో నా కాళ్లకు ఆ రోజు తెలిసింది. ఆఫీసు మూసే వేళకు ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"వంటింటి గట్టు అని రాస్తానమ్మా. గట్టు మీద మీరు వంట చేస్తారో, బట్టలు కుడతారో నేను వచ్చి చూడను కదండీ."

పర్మిట్ చేతిలో పట్టుకుని దారిలో ఆ బిల్డింగు దగ్గర ఆగాను. తట్టలు మోసే ఆడవాళ్లను నీడకు పిలిచి అన్నీ అడిగాను. సిమెంటు ఒకటికి రెండు ఇసుక, మూడు సన్నకంకర. ముద్ద చేసి పట్టుకుంటే నిలవాలి, నీళ్లు కారొద్దు. కలిపిన గంటలోపు పోసేయాలి. పోశాక పగలంతా తడి ఆరనీయొద్దు. వాళ్లలో ఒకామె నాకు అరచేతిలో ముద్ద చేసి చూపించింది.

ఇంటికి వచ్చేసరికి మామ అరుగు మీద ఉన్నాడు. నేను ఆయన ముందు నిలబడి పర్మిట్ చూపించి, "ఆనాడు అన్నది తప్పు మామా," అన్నాను. ఆయన బీడీ ఆర్పాడు.

"కలిపినట్టే పోయాలంటివి గదా. నాకు తెల్వదు ఆ పని. నువ్వు చెప్పు, నేను కలుపుత."

యాభై ఏళ్లు పదిమందికి పని చెప్పిన మేస్త్రీ, కోడలి కింద కూలీగా ఉంటానన్నాడు.

వసారాలో, వెలుతురు బాగా పడే చోట, నా నడుము ఎత్తుకు రెండు ఇటుక దిమ్మెలు కట్టాడు మామ. వాటి మీద బల్లపలక అక్కడికక్కడే పోయాలని మా ఆలోచన. ఎక్కడో పోసి మోసుకురావడం ఎవరి వల్లా కాదు. దిమ్మెలు లేచి, పైన సిమెంటుకు ఆసరాగా చెక్కపలకలు పరిచేసరికి అత్త వాకిట్లోంచి చూసి చాటను నేలకేసి కొట్టింది.

"నడి వసారల గోరీ కడుతున్నరా? బతికున్నోళ్ల ఇంట్ల? నాలుగడుగుల పొడుగు, రెండడుగుల అడ్డం, సిమెంటు పలక. గోరీ గాక ఇంకేంది? రేపు పండుగకు వచ్చిన బిడ్డ ఏమనుకోవాలె?"

చెప్పొద్దూ, చూస్తే నాకూ అలాగే అనిపించింది. మా ఊరి దారిలో పాత సమాధులు అలాగే ఉంటాయి, అంత ఎత్తు, అంత వెడల్పు. అత్త ఊరుకోలేదు. అది తీయకపోతే తాను ఆ వసారాలో అన్నం ముట్టనంది. నిజంగానే ఆ పూట పెరట్లో కూర్చుని తింది. నేను అరిచాను, ఆమె అరిచింది.

మర్నాడు పొద్దున్న రంపం చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే మామ తన మట్టం బద్దను కోస్తున్నాడు. ఎనిమిది అడుగుల టేకు బద్ద అది. గోడ చదునుగా వచ్చిందో లేదో చూడటానికి మేస్త్రీలు వాడేది. ఆయన పెళ్లికి ముందు నుంచి ఆయన దగ్గర ఉంది. చేతులు పట్టిపట్టి నున్నగా, నల్లగా అయింది. పని లేని ఇన్నేళ్లూ దాన్ని దూలానికి కట్టి, నెలకోసారి దించి తుడిచి మళ్లీ పెట్టేవాడు. ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు.

"మామా, ఏం జేస్తున్నరు?" అన్నాను. ఆయన రంపం ఆపలేదు.

"గోరీకి చెక్క ఉండది. బల్లకుంటది. పొడుగు అంచులకు రెండు దిక్కుల ఈ టేకు వేద్దాం, పొట్టి అంచులకు వేపది. ఇగ మీ అత్తను ఏమంటదో అనుమను."

నాలుగేసి అడుగులు, రెండు ముక్కలు. సరిగ్గా సగానికి కోశాడు. వాటికి కానుగనూనె పట్టించాడు, నీళ్లు పీల్చి ఉబ్బకుండా, చెద పట్టకుండా. లోపలి వైపు వరసగా మేకులు సగం దాకా కొట్టి వదిలాడు, సిమెంటు వాటిని పట్టుకుని చెక్కను వదలకుండా. ఆ చెక్కలనే చుట్టూ గోడలుగా నిలబెట్టి, మధ్యలో ఇనుప చువ్వలు జల్లెడలా కట్టాడు. అత్త వచ్చి చూసింది. టేకు అంచు మీద వేలు పెట్టి గీసింది. ఆ బద్ద ఏదో ఆమెకు తెలుసు. లోపలికి పోయింది, ఆ పూట వసారాలోనే అన్నం తింది.

పోసిన రోజు నేను కట్టె మీద ఒరిగి నిలబడి లెక్క చెప్పాను. ఇసుక ఎన్ని తట్టలు, కంకర ఎన్ని తట్టలు, నీళ్లు ఎన్ని చెంబులు. మామ చెప్పింది చెప్పినట్టే కలిపాడు. ముద్ద చేసి నా అరచేతిలో పెట్టాడు. నిలిచింది. గంట తిరక్కుండా మొత్తం పోసి, కర్రతో గుచ్చి, చదును చేశాం.

అక్కడి నుంచి మాత్రం నా మేస్త్రీతనం అయిపోయింది. పలక కొంచెం బిగుసుకుంటుండగా మామ నడుముకు కట్టిన గుడ్డలోంచి కోడిగుడ్డంత నున్నటి రాయి తీశాడు. గచ్చు పాలిష్ పట్టే రాయి. దానితో ఆ మూల నుంచి ఈ మూలకు రుద్దుతూనే ఉన్నాడు, మధ్యాహ్నం అన్నానికి కూడా లేవలేదు. సిమెంటుకు ఆ మర్యాద ఎవరు చేస్తారు? నా సన్నటి వాయిల్ బట్ట తగులుకోకుండా జారిపోయేటంత నునుపు చేశాడు. గచ్చు కాలం పోయిందన్న నా నోటిని నేనే మనసులో వంద తిట్లు తిట్టుకున్నాను.

రుద్దడానికి ముందే ఆయన ఇంకో పని చేశాడు. నా మిషను చెక్కపీఠానికి నాలుగు మూలలా బెజ్జాలు వేసి, అదే కొలతకు నాలుగు బోల్టులను తలకిందులుగా తడి సిమెంటులో దించాడు. మరలు ఉన్న కొనలు పైకి నిలబడ్డాయి.

"మిషన్ అంచుకు నడుస్తదంటివి గదా. బిగిస్తె నడవది."

"అత్తకు చెప్పిండ్రా?"

"మిషన్ సంగతి ఆమెకెందుకు?" అన్నాడు. ఆయన మీసాల కింద నవ్వు కనిపించింది.

పన్నెండు రోజులు గోనెలు కప్పి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి తడిపాను. బావిలో నీళ్లన్నీ నీ గట్టుకే పోస్తున్నావని అత్త సణిగింది. వినిపించనట్టే ఉన్నాను. కింది చెక్కపలకలు తీసిన రోజున మామ బల్ల ఎక్కి నిలబడ్డాడు. ఇంత కూడా కదల్లేదు. మిషను పెట్టి నట్లు బిగించాం.

పండుగ మొదటిరోజు, ఎంగిలిపువ్వు బతుకమ్మ నాడు, పొద్దున్నే ఆడబిడ్డ వచ్చింది. చంకలో పాత దుప్పటి మడిచి పట్టుకుంది, మిషను చుట్టుకోవడానికి.

"తీస్కపో బిడ్డా," అంది అత్త. "బతుకమ్మకు కుట్టకపోతే తీస్కపొమ్మని మీ వదినే అన్నది. ఒక్క రైకన్న కుట్టిందా?"

కుట్టలేదు. నిజమే. బల్ల ఆరిందే మొన్న. ఆడబిడ్డ మిషన్ని రెండు చేతులా పట్టి ఎత్తబోయింది. రాలేదు. మళ్లీ ఎత్తింది. అప్పుడు నట్లు కనిపించాయి.

"మామా కోడలూ కలిసి నా కండ్లల్ల కారం గొట్టిండ్రు," అంది అత్త. ఆమె గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువ వినిపించింది. తన కూతురికి మాటిచ్చుకుంది కదా, ఆమె తల కొట్టేసినట్టయింది.

మామ గూట్లోంచి నట్లు విప్పే పానా తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని బల్ల మీద, ఆడబిడ్డ ముందు పెట్టాను.

"పండుగ ఇంక అయిపోలే. నీకు పండుగ రైక గుడ్డ ఉన్నదా పిల్లా? ఇయ్యి. నిలబడి కుడత. ఇది అయ్యేలోపల నేను మంచం మీద కూలబడితే నువ్వే విప్పి తీస్కపో. నేను అడ్డం రాను."

ఆమె సంచిలోంచి ఆకుపచ్చ గుడ్డ తీసి ఇచ్చింది. కొలతలు నాకు తెలుసు. బల్ల మీద పరిచి కత్తిరించాను. పిడి తిప్పాను. మిషను చోటు నుంచి కదల్లేదు, బల్ల ఊగలేదు, కుట్టు దారం గీసినట్టు పోయింది. రొమ్ము కుట్టు, వీపు, భుజాలు. బయట వాకిట్లో అత్త తాంబాళంలో తంగేడు, గునుగు పేరుస్తోంది, మధ్యమధ్య ఇటు చూస్తోంది. మొదటి చేయి అతికేసరికి మంచి కాలు వణకడం మొదలుపెట్టింది. రెండో కాలు సంగతి చెప్పక్కర్లేదు. కడుపును టేకు అంచుకు ఆనించి బరువు దాని మీద వేశాను. ఉట్టి సిమెంటు అయితే కోసేసేది. చెక్క నన్ను మోసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు. మంచం నాలుగడుగుల దూరంలోనే ఉంది. దాని వైపు చూడలేదు.

ఉక్సులు కుట్టి, దారం కొరికి, రైక ఆమె చేతికిచ్చాను. ఆడబిడ్డ లోపలికి వెళ్లి తొడుక్కుని వచ్చింది. అత్త ఆమెను వెనక్కి తిప్పి చూసింది, చంకల కింద చూసింది, చేతులు పైకెత్తమని చూసింది. వంక దొరకలేదు. దొరికితే ఊరుకునే మనిషి కాదు.

ఆడబిడ్డ నా వైపు చూడలేదు. తిన్నగా బల్ల దగ్గరికి పోయి పానా చేతిలోకి తీసుకుంది. మాటంటే మాటే, అడ్డం రానన్నాను. కానీ నేను కూలబడలేదు కదా అని అరుద్దామనుకుని ఒక అడుగు ముందుకేశాను. ఆమె మిషను మీదికి వంగి వెనక మూల నట్టుకు పానా తగిలించి తిప్పింది. ఎటు తిప్పుతోందో ఆమె వీపు అడ్డమై నాకు కనిపించలేదు. ఒంటి బలమంతా పెట్టి ఇంకోసారి తిప్పింది.

"నువ్వు కుట్టిన ఊపుకు ఇదొక్కటి జర వదులైంది వదినా," అంది. "గట్టిగ బిగించిన. ఇగ రాదు."

పానా తీసుకెళ్లి వాళ్ల నాయన చేతిలో పెట్టి, దుప్పటిని నా మంచం మీద పడేసి, కొత్త రైకతో బతుకమ్మ పేర్చడానికి వాళ్లమ్మ పక్కన కూర్చుంది.